జీపు పూజకు కసాపురం పోయిన రోజు

అనంతపురం జిల్లాలో ఎవరు బండి కొన్నా, అది లారీ అయినా మోపెడ్ అయినా, మొదట తీసుకుపోయేది కసాపురానికే. గుంతకల్లు పక్కనున్న ఆ ఊళ్లో ఆంజనేయస్వామి గుడి ముందు బండిని నిలబెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తాళాలు స్వామి పాదాల దగ్గర పెట్టించి తెచ్చుకుంటే తప్ప బండి మనదైనట్టు లెక్క కాదు. ఈ మధ్య బండి కొన్న పాఠకులు ఇద్దరు ముగ్గురు ఆ దారి వివరాలు రాయమని అడిగారు. దారి నాకు బాగా తెలుసు. అయితే మొదటిసారి పోయినప్పుడు జరిగింది వదిలేసి దారి ఒక్కటే రాయడం నాకు చేతకాదు. కాబట్టి రెండూ కలిపి చదువుకోవాలి మీరు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. మా పల్లె ముదిగుబ్బ నుంచి లోపలికి పన్నెండు కిలోమీటర్లు. వరసగా మూడేళ్లు వేరుశనగ వేశాం, మూడేళ్లూ చెట్టుకు ఊడలు దిగి కాయ పట్టే సమయానికి వాన మొహం చాటేసింది. నా వయసు కుర్రాళ్లందరూ బెంగుళూరుకు పోయి ఇటుకలు మోస్తున్నారు, గేట్ల దగ్గర కాపలా కాస్తున్నారు. నేనూ సంచి సర్దుకున్నాను. నాయన పోనివ్వలేదు. ఉన్న గొర్రెల్లో సగం అమ్మేసి, కదిరిలో ఒకాయన దగ్గర పాత జీపు కొన్నాడు. మా ఊరికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. అది తప్పితే మెయిన్ రోడ్డు దాకా నడవాల్సిందే. జీపులో జనాన్ని ముదిగుబ్బకు తిప్పితే ఇల్లు గడుస్తుందని నాయన ఆలోచన. నా ఆలోచన అంత దూరం పోలేదు. ఇరవై రెండేళ్లలో సగం బస్సు కోసం కాచుకోవడంలోనే పోయిన మనిషిని నేను. ఇకమీదట ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు, ఎటు కావాలంటే అటు పోవచ్చు అనుకుంటేనే ఒళ్లు తేలికైపోయేది.

డ్రైవింగు నేర్పింది ఓబులేసు మామ. మాకు చుట్టం కాదు, అలవాటుగా మామ అనేవాణ్ని. ముప్పై ఏళ్లు లారీ తోలి, మోకాళ్లు పోయాక వచ్చి, మా మట్టిరోడ్డు మెయిన్ రోడ్డులో కలిసే చోట నాలుగిళ్ల పల్లెలో భార్య నారాయణమ్మతో ఉండేవాడు. పిల్లల్లేరు. కొన్ని మేకలు. మా ఊరి చెరువులో నీళ్లు చూసి ఏళ్లయింది కాబట్టి అదే మా డ్రైవింగు స్కూలు. ఎండి పగిలిన అడుసు మీద పొయ్యిబూడిదతో ఎనిమిది అంకె గీసి, అరువు తెచ్చిన జీపులో దాని మీద నన్ను ఆరు వారాలు తిప్పాడు. చెప్పులు వేసుకోనిచ్చేవాడు కాదు, క్లచ్చి కాలికి తెలియాలని. నేను అద్దంలో తల సవరించుకుంటే నెత్తిన ఒకటి మొట్టి, "రేయ్, అద్దం ఉండేది నీ మొగం చూసుకునేదానికి కాదు, వెనక ఎవడొస్తాండాడో చూసేదానికి" అనేవాడు. అనంతపురంలో పరీక్ష రోజు నాకు తోడుగా వచ్చాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎదుట ఎనిమిది వేసి, వెనక్కి తోలి చూపించాను. పాసయ్యాను. తర్వాత లైసెన్సు చేతికొచ్చిన రోజు దాన్ని అటూ ఇటూ తిప్పి, నా ఫోటో చూసి, "దొంగనాయాలు మాదిరి ఉండావు, పోలీసోడు ఆపితే ఇది మాత్రం చూపీకు" అన్నాడు.

జీపు ఇంటికొచ్చాక మాకు నియమాలు చెప్పింది కూడా ఆయనే. పూజ అయ్యేదాకా బండిలో సరుకు వేయకూడదు, గొర్రెను ఎక్కించకూడదు, రోగిని అసలే ఎక్కించకూడదు. "ఫస్టు ట్రిప్పు ఏది పోతే బండికి బతుకంతా అదే రాతయితాది" అన్నాడు. లారీ వాళ్ల నమ్మకం అది. నాయన ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. శనివారం వచ్చేదాకా ఎనిమిది రోజులు జీపు మా ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని నిలబడే ఉంది. నేను రోజూ సాయంత్రం టార్పాలిన్ కిందికి దూరి, సీట్లో కూర్చుని, కదలని బండిలో గేర్లు మార్చుకునేవాణ్ని.

శనివారం తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరాం. అమ్మ బానెట్టుకు పసుపు రాసి, మిగిలిన గొర్రెల కోసం ఇంట్లోనే ఉండిపోయింది. నాయన ముందు సీట్లో గుమ్మడికాయ ఒళ్లో పెట్టుకుని, కొబ్బరికాయల సంచి కాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. మా ఊరి నుంచి కసాపురం దాదాపు నూట యాభై కిలోమీటర్లు. బత్తలపల్లి మీదుగా అనంతపురం, అక్కడి నుంచి పామిడి, గుత్తి, గుత్తిలో హైవే వదిలి గుంతకల్లు, అది దాటాక ఐదు కిలోమీటర్లు. పాత జీపుకు ఐదు గంటలు పెట్టుకోవాలి. పన్నెండు దాటితే ఆ రోజుకు బండ్ల పూజలు ఉండవనుకుని, ఆ లోపలే కావాలని నాయన పట్టుదల. టాంకు సగం నింపాను, డీజిలు అప్పుడు లీటరు ఇరవై రూపాయలలోపే ఉండేది. మట్టిరోడ్డు మీద మూడో గేరు వేసినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పటికీ దాచుకోను. రెండు పక్కలా బీడు భూములు, ఎండిన కంపచెట్లు, చూడ్డానికి ఏమీ లేదు. అయినా ఆ రోడ్డంతా నాదే అనిపించింది.

మెయిన్ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆరయింది. నారాయణమ్మత్త రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. పక్కన రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గట్టు మీద ఓబులేసు మామ కూర్చుని ఉన్నాడు. భుజం మీద తువ్వాలు, మొహమంతా చెమట. అంత పొద్దున అంత చెమట ఏమిటా అనుకున్నాను.

"అబ్బీ, మీ మామకు కోడికూత నుంచి ఎదలో నొస్తాండాది. ఎడమ చెయ్యంతా లాగుతాండాదంట. అనంతపురం పెద్దాసుపత్రిలో దింపి పో నాయనా" అంది అత్త.

నాయన గుమ్మడికాయను గట్టిగా పట్టుకున్నాడు. "పూజకు పోతాండాం గదమ్మా. పూజ కాని బండి ఇది. ఆసుపత్రిలో ఎంతసేపయితాదో ఏమో, ఆడ పన్నెండు దాటితే ఎట్ల?"

"దోవలోనే గదన్నా ఆసుపత్రి. గేటు కాడ దింపితే చాలు, నేను చూసుకుంటా."

నాయన మామ వైపు చూశాడు. మామ చెయ్యి ఊపాడు. "పోనీలేప్పా, పోనీండి. ఆరున్నరకు బస్సు ఉండాది గదా. ఫస్టు ట్రిప్పుకే రోగిని వేసుకుంటే వాని బండి రాత ఏం కావల్ల?"

"వాళ్ల బండి రాత తర్వాత, నీ రాత చూసుకో ముందు" అంది అత్త.

ఇంజను ఆపలేదు నేను. క్లచ్చి తొక్కిపట్టి కూర్చున్నాను. ఈ ఒక్క నిమిషం గురించే నేను ఇన్నాళ్లుగా ఆలోచిస్తున్నాను. నాయన వద్దన్నాడని చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా. కానీ నాయనకు బ్రేకు ఏదో, క్లచ్చి ఏదో తెలియదు. స్టీరింగు నా చేతిలో ఉంది, లైసెన్సు నా జేబులో ఉంది. నేను దిగి మామను ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి ఉంటే నాయన చేయగలిగింది ఏమీ లేదు. నేను చేసింది ఒక్కటే. "మామా, నిజంగా ఫరవాలేదా?" అని అడిగాను.

"ఫరవాలేదు పోరా. గ్యాసు అయ్యుంటాది. రాత్రి అలసందలు తింటి" అన్నాడు.

ఆ మాట నమ్మడం నాకు అవసరం కాబట్టి నమ్మాను. నాయన కిటికీలోంచి వంగి, "సాయంత్రం వచ్చి చూస్తాంలే ఓబులేసూ, ప్రసాదం తెస్తాం" అన్నాడు. అత్త పక్కకు జరిగింది. నేను పోనిచ్చాను.

బత్తలపల్లికి ఏడు కాకముందే చేరాం. ఈ దారిలో పోయేవాళ్లు టిఫిను ఇక్కడే చేయండి, అనంతపురం దాకా ఆగొద్దు. రోడ్డు పక్క చిన్న కొట్టులో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వేడివేడిగా ఉన్నాయి. ఇద్దరికీ కలిపి పదిహేను రూపాయలు కూడా కాలేదు. రేడియేటరులో నీళ్లు పోశాను, నాయన రెండోసారి టీ తాగాడు. ఆసుపత్రి గేటు దగ్గర ఆగడానికి టైము లేని మేము ఆ కొట్టు దగ్గర నలభై నిమిషాలు కూర్చున్నాం. నా కళ్లు మాత్రం వచ్చిన దారి మీదే ఉన్నాయి. ఆరున్నర బస్సు ఈపాటికి రావాలి.

"ముదిగుబ్బ బస్సు పోయిందా అన్నా?" అని బజ్జీలు వేసే ఆయన్ను అడిగాను.

"యాడ పోయింది, ఇంగా రాలేదు. వస్తే నా కొట్టు ముందరే గదా నిలబడేది" అని, జీపుకు రాసిన పసుపు చూసి, "కసాపురమా? మంచిదప్పా, పోయి రాండి" అన్నాడు.

జీపు దగ్గరికి వచ్చాక, "నాయనా, వెనక్కి తిప్పి మామను ఎక్కించుకుందామా?" అన్నాను.

నాయన సీట్లో కూర్చుని గుమ్మడికాయ ఒళ్లోకి తీసుకున్నాడు. తర్వాత, "సగం గొర్రెలు పోయినాయి రా. ఉండే సగానికి గడ్డి లేదు. ఈ బండి గూడా ఎట్లనో అయితే మనం యాడికి పోవల్ల? కొబ్బరికాయ పెట్టుకోని బయలుదేరినాక ఎవడన్నా వెనక్కి తిప్పుతాడా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. నాయన చెడ్డవాడని ఎవరూ అనుకోకండి. మూడేళ్లు ఆకాశం వంక చూసి చూసి, దేనికైనా భయపడే స్థితికి వచ్చిన మనిషి ఆయన. నాకు మాత్రం అలాంటి సాకు లేదు. అడిగాను అనిపించుకోవడానికే అడిగాను, వద్దంటే బాగుండని మనసులో ఉంది. హైవే మీద బండి తోలబోతున్నానన్న ఆత్రం నాది.

ఎనిమిదింపావుకు అనంతపురం. ఊళ్లో పెద్దాసుపత్రికి పోయే మలుపు దగ్గర బండి కొంచెం నెమ్మది చేశాను. నాయన అటువైపు కాకుండా ఇటు వైపు కొట్ల బోర్డులు చూస్తూ కూర్చున్నాడు. ఊరు దాటి హైవే ఎక్కాక లారీలు ఒకదాని వెనక ఒకటి. మామ నేర్పినట్టే అద్దం చూసుకుంటూ ఎడమ పక్కనే పోయాను. పామిడి దగ్గర పెన్న మీద వంతెన వస్తుంది. ఏరంతా ఇసుకే, మధ్యలో ఆడవాళ్లు చెలమలు తవ్వి బిందెల్లోకి గిన్నెతో నీళ్లు తోడుతున్నారు. అక్కడ బండి ఆపి చూడటానికి చోటుంది గానీ నేను ఆపలేదు. గుత్తిలో కోట కొండ కనిపించగానే ఎడమకు తిరగాలి. గుంతకల్లు దాకా రోడ్డు గతుకులు, ఊళ్లో రైలు గేటు దగ్గర ఇరవై నిమిషాలు పట్టింది. మీరు పోయేటప్పుడు ఆ ఇరవై నిమిషాలు లెక్కలో వేసుకోండి. పదకొండుకు పది నిమిషాల ముందే గుడి ముందర ఉన్నాం.

శనివారం కాబట్టి ఇరవై బండ్ల దాకా వరసలో ఉన్నాయి, ముగ్గురు పూజారులు ఒకేసారి చేసుకుపోతున్నారు. ట్రాక్టర్లు, ఆటోలు, ఒక కొత్త లారీ. పూజ సామాను అక్కడే దొరుకుతుంది, ఇంటి నుంచి గుమ్మడికాయ మోసుకుపోవాల్సిన పని లేదు. మా వంతు వచ్చినప్పుడు పూజారి తాళాలు పళ్లెంలో వేయమని, లైసెన్సు కూడా అడిగి పక్కన పెట్టాడు. అద్దానికి సిందూరం, బంపరుకు బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. తాళాలు తిరిగిచ్చాక బండి ఒక్క మూర ముందుకు పోనిచ్చాను, నిమ్మకాయలు పగిలిన చప్పుడు వినిపించింది. నాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ పది నిమిషాలు ఓబులేసు మామ నాకు గుర్తుకే రాలేదు. అబద్ధం రాయడం ఇష్టం లేక ఇది రాస్తున్నాను.

గుడిలో భోజనం చేసి పన్నెండున్నరకు బయలుదేరాం. వచ్చేటప్పుడు నాయన ప్రసాదం పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అనంతపురం రాగానే తానే ఆపమని, బత్తాయిలు అరడజను కొన్నాడు. "ఓబులేసును చూసి పోదాం" అన్నాడు. ఆసుపత్రి చేరేసరికి మూడయింది. లోపలికి పోయి వార్డుల్లో వెతకాల్సిన అవసరం రాలేదు. వరండా చివర బల్ల మీద అత్త ఒక్కతే కూర్చుని ఉంది. మామ తువ్వాలు మడిచి ఆమె ఒళ్లో ఉంది.

"వచ్చినారా" అంది. "పూజ బాగా అయిందా?"

నాయన బత్తాయిల సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేనే అడిగాను, మామ ఏ వార్డులో ఉన్నాడని.

"ఆ గదిలో ఉండాడు" అని చెయ్యి చూపించింది. గది తలుపు మూసి ఉంది. "బస్సు ఎనిమిదికి వచ్చె. కూలికి పోయేటోళ్లు కాలు పెట్టనీకుండా నిండినారు. బత్తలపల్లి దాకా నిలబడుకోనే వచ్చినాడు. ఆడ ఒకాయన సీటు ఇచ్చె. రాప్తాడు దాటినాక నా మీదికి వాలినాడు. నిద్రపోయినాడు అనుకుంటి. కండక్టరు బస్సును నేరుగా ఈడికే తెచ్చినాడు, మంచోడు. అయిపోయిందని చెప్పినారు."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ముగించినట్టుంది. పొద్దున్నుంచి ముగ్గురు అద్దె జీపుల వాళ్లను అడిగిందట, శవం అనగానే ఎవరూ రామన్నారట. "మీరు ఇదే దోవలో వస్తారు గదా అని కూర్చున్యా" అంది.

నేను నాయన మొహం చూశాను. ఆయన గోడ వైపు తిరిగి, "ఎక్కించప్పా. పూజ అయిపోయింది గదా" అన్నాడు.

వెనక రెండు సీట్ల మధ్య చాప పరిచి పడుకోబెట్టాం. బంపరుకు కట్టిన పూలదండ విప్పాలని వంగాను, ముడి బిగుసుకుపోయి రాలేదు, వదిలేశాను. ఎదురొచ్చే వాళ్లందరూ దండ చూసి కొత్త బండి అనుకుని ఉంటారు. అత్త వెనక ఆయన తల దగ్గర కూర్చుంది. బత్తలపల్లిలో పొద్దున తిన్న కొట్టు దాటాం. తర్వాత ఆమె వెనక నుంచి, "అబ్బీ, పొద్దున నువ్వు పోతాంటే నీ బండి శబ్దం విన్నాడు రా ఆయప్ప. ఎద పట్టుకోనే విన్నాడు. సెకండు గేరుకు బాగా మార్చినాడు వాడు, కరకర అనకుండా మార్చినాడు, అన్నాడు" అంది. నన్ను బాధ పెట్టాలని చెప్పిన మాట కాదది. నాకు సంతోషంగా ఉంటుందని చెప్పింది. నేను రోడ్డు కనపడక బండి పక్కకు ఆపాను. నాయన దిగి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కాసేపటికి మళ్లీ ఎక్కి తోలాను.

ఊళ్లో మమ్మల్ని ఎవరూ తప్పు పట్టలేదు. పూజకు పోయే బండి గదా, ఎట్ల ఎక్కించుకుంటారు అన్నారు అందరూ, దినాల నాడు భోజనాల దగ్గర కూడా అదే మాట. ఒక్కరైనా మొహం మీద ఉమ్మి ఉంటే బాగుండేది అనిపించింది నాకు. అత్త ఆ తర్వాత నా జీపులోనే ముదిగుబ్బ సంతకు వచ్చేది, మోరీ దగ్గరే ఎక్కేది, ఆ రోజు మాట ఎప్పుడూ ఎత్తలేదు. జీపు నాలుగేళ్లు నడిచింది. లైసెన్సు రాగానే మనిషికి స్వేచ్ఛ వచ్చేసిందని నేను అనుకున్నాను. ఎటు కావాలంటే అటు పోగలిగిన మొదటి రోజే, పోవాల్సిన వైపు కాకుండా పొమ్మన్న వైపు పోయాను. బస్సు కోసం కాచుకునే రోజుల్లో కనీసం ఎవరినీ రోడ్డు మీద వదిలిపోయే వీలైనా లేదు నాకు. ఇప్పటికి ఎన్ని బండ్లు మార్చినా, తాళం తిప్పగానే ముందు గుర్తొచ్చేది ఆ నిమిషమే.

చివరగా పనికొచ్చే సంగతి ఒకటి. పైన వరసలో రాయాల్సింది, రాయలేక దాటేశాను. పూజయ్యాక నాయన పళ్లెంలో దక్షిణ వేస్తూ, పొద్దున ఒక రోగిని ఎక్కించుకోమన్నారని, పూజ కాలేదని వదిలేసి వచ్చామని చెప్పి, "మేము చేసింది సరేనా సామీ?" అని అడిగాడు. పూజారి పక్క బండికి పోవడానికి లేస్తూ, "ఆయనను ఆసుపత్రిలో దింపి నిదానంగా రావాల్సిందయ్యా. సాయంత్రం నాలుగు నుంచి మళ్లీ బండ్ల పూజలు ఉంటాయి" అన్నాడు. మీరు బయలుదేరే ముందే ఆ టైములు కనుక్కుని పెట్టుకోండి.